పచ్చికలో కన్నాలు

మా ఆయనకి భయమంటే ఏమిటో తెలియదని అందరూ అంటారు. నాలుగో అంతస్తు పిట్టగోడ మీద నిలబడి, నడుముకి తాడైనా లేకుండా పగుళ్లు పూడ్చే మనిషి. లీకుల మేస్త్రీ అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. అలాంటి మనిషి ఏడాదిగా ఇంట్లోకి ఒక ఈగ వస్తే చాలు, చెప్పు పట్టుకుని లేస్తున్నాడు. దానికి కారణం నేను.

నేను నీళ్ల మీటర్లు చదివేదాన్ని. వీధి వీధీ తిరిగి, ప్రతి ఇంటి ముందూ నేలలో ఉండే ఇనుప మూతని కొక్కెంతో లేపి, మీటరు అద్దం తుడిచి, అంకెలు రాసుకోవడం నా పని. పన్నెండేళ్లు చేశాను. పోయిన ఏడాది ఒక మూత ఎత్తితే కింద కందిరీగలు గూడు పెట్టుకుని ఉన్నాయి. కుట్టినవి రెండే. పది నిమిషాల్లో నాలుక మందమైంది, గొంతు పూడుకుపోయింది, ఆ ఇంటివాళ్ల మెట్ల మీదే పడిపోయాను. మూడో రోజుకి గానీ ఆస్పత్రిలో మనుషుల్లో పడలేదు. మళ్లీ కుడితే ఇంతకంటే వేగంగా ముంచుకొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తొడకి పొడుచుకునే ఇంజక్షన్ ఒకటి రాసిచ్చి, ఎప్పుడూ దగ్గర ఉంచుకోమంది. దగ్గర అంటే నా దగ్గర అని ఆవిడ ఉద్దేశం. మా ఆయన దాన్ని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేనైతే ఎక్కడో పెట్టి మరిచిపోతానట. ఆయన పనికి వెళ్తే అదీ ఆయనతో పాటు పనికి వెళ్తుంది.

ఆ రోజు నుంచి నేను ఇంట్లో ఉన్నాను. రోజంతా వీధులు కొలిచిన కాళ్లు మూడు గదుల్లో ఏం చేసుకుంటాయి? వంటింట్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి వరండాలోకి, అక్కడినుంచి మళ్లీ వంటింట్లోకి కాలు గాలిన పిల్లిలా తిరిగాను. సర్దిన అలమారే మళ్లీ సర్దాను. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునే మా అత్తగారు రోజుకొకసారైనా అనేది, "అమ్మాయ్, నీ తిరుగుడు చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి, కాసేపు ఎక్కడైనా కూలబడరాదూ" అని. కూలబడితే ఇంకా చిరాకు.

మంగళవారం నాడు మా సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది.

"వచ్చే సోమవారం ఏడున్నరకి వస్తే నీ వీధులు నీకే. రాకపోతే ఇంకొకళ్లకి రాసిచ్చేస్తాను. ఏడాది ఆపాను, ఇంక నా వల్ల కాదు."

వస్తానని చెప్పేశాను. ఎవరినీ అడగలేదు. సాయంత్రం మా ఆయనకి చెబితే అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, అప్పుడు నోరు విప్పాడు.

"ఈ వారం ఏ గొడవా లేకుండా గడిస్తే వెళ్లు."

"గొడవ అంటే?"

"గొడవ అంటే గొడవే."

ఆ మాత్రం మాట ఆయన నోటినుంచి రావడమే గొప్ప. అయిదు రోజులు ఊపిరి బిగబట్టుకుని ఉంటే చాలనుకున్నాను.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి గొడవ మొదలైంది.

మా ఇంటి ముందు నాలుగు మంచాలు వేసేంత పచ్చిక ఉంది. మా ఆయన ఇసుక బస్తాలు, సిమెంటు బస్తాలు దించి దించి మధ్యలో గడ్డి పలచబడి నేల కనిపిస్తుంటుంది. ఆ బోడి చోట చిన్న చిన్న మట్టికుప్పలు లేచాయి. ఒక్కో కుప్ప నడినెత్తినా పెన్సిలు పట్టేంత కన్నం. చీమలనుకుని వంగాను. ఒక కన్నంలోంచి నూగు తల ఒకటి బయటికొచ్చి నన్ను చూసి లోపలికి పోయింది. తేనెటీగ. నేల మీద జానెడెత్తున ఇంకో పాతిక ముప్ఫై గిరగిరా తిరుగుతున్నాయి. కుడతాయేమోనన్న ఆలోచన తర్వాత వచ్చింది. మొదట వచ్చింది సోమవారం.

ఆయన ఏడింటికల్లా వెళ్లిపోతాడు, ఆరు దాటితే గానీ రాడు. ఎండ ఎక్కాక లేచి, ఎండ తగ్గేసరికి ఇవి లోపలికి పోతే ఆయన కంటపడవు. మట్టికుప్పలు మాత్రం కనిపిస్తాయి. అందుకని సాయంత్రం అయిదింటికి బూట్లు వేసుకుని, చీపురుతో కుప్పలన్నీ ఊడ్చి చదును చేశాను. మర్నాడు ఎండెక్కేసరికి అవి మళ్లీ తవ్విపోశాయి. వాటికీ నాకూ పంతం పడినట్టయింది.

అంతకుముందే, బుధవారం మధ్యాహ్నమే, వీధి చివరి ఆటస్థలంలో పనిచేసే గడ్డి బాబాయ్‌ని పిలుచుకొచ్చాను. ముప్ఫై ఏళ్లుగా ఆ మైదానం గడ్డి ఆయన చేతిమీదే పెరుగుతోంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆయన మా పచ్చిక మీద మోకాళ్లు ఆనించి, చెంప నేలకి తగిలేంత వంగి చూశాడు.

"ఒక్కో కన్నానికి ఒక్కత్తే తల్లీ. తనే తవ్వుకుంటుంది, తనే పుప్పొడి మోసుకొస్తుంది, గుడ్డు పెట్టి మూసేసి పోతుంది. వీటికి రాణీ లేదు, దండూ లేదు. పట్టు లేదు, తేనె లేదు. కాపలా కాసేందుకు ఏమీ లేనప్పుడు ఎవరి మీదకి వస్తాయి?"

"మరి పైన తిరిగే ఇవి?"

"అవి మగవి. వాటికి కుట్టడానికి కొండే ఉండదు. ఊరికే హడావుడి."

"మా ఇంట్లోనూ ఉందిలే ఒకటి" అంది మా అత్తగారు వరండాలోంచి. కన్నకొడుకుని అంత మాట అనడం ఆవిడకి సరదా.

గడ్డి బాబాయ్ నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఆడది మాత్రం కాలికింద పడినా, చేతిలో నలిగినా కుట్టొచ్చు. నీ ఒంటి సంగతి వేరు కాబట్టి బూట్లు లేకుండా ఇందులో అడుగు పెట్టకు. రోజూ నీళ్లు పెట్టు. తడి నేల వీటికి గిట్టదు. గడ్డి దట్టంగా ఎదిగితే వచ్చే ఏడు రమ్మన్నా రావు. ఇప్పుడు కూడా నెల రోజుల సందడే. మందులూ గిందులూ కొట్టించకు, పాపం."

"ఇంతేనా?"

"ఇంతే. ఒక్క సంగతి. ఒకే కన్నంలోకి వరస కట్టి పోతూ వస్తూ ఉంటే మాత్రం అవి ఇవి కావు. అవి కందిరీగలు. దాని జోలికి నువ్వూ పోవద్దు, మేస్త్రీనీ పోనీయొద్దు. నాకు కబురు పెట్టు."

ఆయన వెళ్లాక అత్తగారి కుర్చీ దగ్గర కూర్చుని, ఆవిడ కాలు నా ఒళ్లో పెట్టుకుని నొక్కాను. ఆవిడకి విషయం అర్థమైంది.

"వాడికి చెప్పకూడదు, అంతేగా?"

"సోమవారం దాకా అత్తయ్యా."

"చెప్పను. నాకేం పని."

మా అత్తగారు మంచిది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదన్న మాట కూడా నిజమే. అయినా నాకు ఇంకో దారి లేదు.

గురువారం మధ్యాహ్నం బూట్లు వేసుకుని పచ్చికకి నీళ్లు పెడుతున్నాను. గొట్టం లాక్కుంటూ ఇంటి పక్కకి తిరిగాను. మా పడగ్గది కిటికీ కింద, నీళ్ల గొట్టం గోడలోకి పోయే చోట, నేలకీ గోడకీ మధ్య ఒక కన్నం. కుప్ప లేదు, మట్టి లేదు. కన్నం అంచు నున్నగా అరిగిపోయి ఉంది. ఒకటి లోపలికి పోయింది, రెండు బయటికొచ్చాయి, ఇంకొకటి దిగింది. సన్నటి నడుము, పసుపు చారలు. ఏడాది క్రితం ఇనుప మూత కింద చూసినవాటిని నేను మరిచిపోతానా? గొట్టం అక్కడే వదిలేసి, పరుగెత్తకుండా, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వరండాలోకి వచ్చాను.

గడ్డి బాబాయ్‌కి ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తింది. చెల్లెలింట్లో ఏదో పనుందని వెళ్లాడట, ఆదివారం సాయంత్రానికి గానీ రాడట.

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా చెప్పాలి. మా ఆయనకి చెప్పాల్సింది. ఇంట్లో అత్తగారున్నారు, ఆయనున్నాడు, అన్నిటికంటే ముందు నేనున్నాను. గోడకి ఆ పక్క కందిరీగలు, ఈ పక్క నా తలగడ. చెబితే సోమవారం పోతుంది, ఆ తర్వాత ఇక ఏ సోమవారమూ ఉండదు. ఆదివారం సాయంత్రం బాబాయ్ వచ్చి తీసేస్తాడు, మూడు రోజులు కిటికీ వేసి ఉంచితే సరిపోతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా ప్రాణం కాపాడమని ఏడాదిగా ఆయన్ని ఎవరూ అడగలేదని కూడా అనుకున్నాను. కోపంలో ఎంతెంత తెలివి పుట్టుకొస్తుందో.

ఆ సాయంత్రం ఆయన వరండాలో టీ తాగుతుంటే అత్తగారు మాటల్లో అనేసింది. "పాపం, ఎంత కష్టపడి తవ్వుకుంటాయో, ఈ పిల్ల ఊడ్చేస్తుంది" అని. అనేసి నాలిక కరుచుకుంది.

"ఏవి తవ్వుకుంటాయి?"

ఆయన గ్లాసు కింద పెట్టి పచ్చికలోకి దిగాడు. చీపురు తగలని అంచుల్లో కుప్పలు మిగిలిపోయాయి. వాటిని చూశాడు, నా బూట్లు చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. లోపలికెళ్లి బకెట్టు, తాపీ, పావుగంటలో గట్టిపడే సిమెంటు తెచ్చాడు. నీళ్లు పోసి కలిపి, వంగి, ఒక్కో కన్నంలో ఇంత కూరి, తాపీతో నున్నగా రుద్దడం మొదలుపెట్టాడు. పచ్చికకి పూత వేసిన మేస్త్రీ ఈ భూమ్మీద ఆయనొక్కడే అయ్యుంటాడు.

"అవి ఏమీ చెయ్యవండీ. గడ్డి బాబాయ్ చూసి చెప్పాడు. ఒక్కోటి ఒక్క కన్నంలో ఉంటుందట."

"అంటే నాకు తప్ప ఊరందరికీ తెలుసు."

"తెలిస్తే ఇదిగో, ఇలా చేస్తారనే."

ఆయన తల ఎత్తలేదు. నలభై మూడు కన్నాలు పూడ్చాడు. నడుము పట్టుకుని లేచి, ఇల్లంతా చుట్టి చూస్తానని పక్కకి తిరిగాడు. నేను వెనకాలే వెళ్లాను. వెలుతురు తగ్గిపోయింది, కిటికీ కింద కన్నం దగ్గర ఏమీ ఎగరడం లేదు. అన్నీ లోపలికి చేరిపోయాయి.

"ఇది పెద్దదే" అని రెండు తాపీల సిమెంటు గట్టిగా కొట్టాడు.

అది వేరు, దాన్ని ముట్టుకోవద్దు అని నా నోటి దాకా వచ్చింది. ముట్టుకోవద్దు అంటే ఎందుకో చెప్పాలి. నేను నోరు మూసుకున్నాను. ఆయన దాని మీద ఇంకో పూత వేసి, బొటనవేలితో అంచు అదిమాడు.

శుక్రవారం ఆయన పనికి వెళ్లలేదు. పదింటికి వరండా మెట్టు మీద కూర్చుని పచ్చిక వైపే చూశాడు. సిమెంటు బిళ్లలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్కో బిళ్ల పక్కనా ఒక్కో కొత్త కుప్ప. లోపలున్నవి పక్కనుంచి తవ్వుకుని బయటికొచ్చేశాయి. మగవి ఎప్పటిలాగే గిరగిరా తిరుగుతున్నాయి. ఎన్ని మేడలు కారకుండా ఆపిన చెయ్యి ఇంతింత ఈగల దగ్గర ఓడిపోయింది. నాకు లోపల కొంచెం నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక పోయింది.

"సోమవారం లేదు" అన్నాడు.

"అదెలా కుదురుతుంది?"

"ఇంటి ముందే ఇన్ని ఉంటే వీధుల్లో ఎన్నుంటాయి? ప్రతి మూతా ఎత్తి చూస్తావు నువ్వు. ఒకసారి మెట్ల మీద పడి ఉన్నావు. నీకు తెలీదు, నీకు స్పృహ లేదు. వాళ్లు ఫోన్ చేస్తే వచ్చి నేను చూశాను."

"ఏడాది నుంచీ అదే చూస్తున్నారు. నన్ను చూడడం ఎప్పుడో మానేశారు."

"నీకు మాటలు బాగా వచ్చు."

"వస్తాయి. మాట్లాడేందుకు గోడలు తప్ప ఎవరున్నారు?"

ఆయన లేచి పడగ్గదిలోకి వెళ్లి కిటికీలు మూసి, చుట్టూ వెడల్పాటి టేపు అంటించాడు. తలుపు కిందికి తడిగుడ్డ తోశాడు. ఈ నెల రోజులూ పగలు ఇందులోనే ఉండమన్నాడు. నేను తలుపు ధడాలున వేసుకున్నాను. ఆయన చెప్పినందుకు కాదు, ఆయన మొహం చూడబుద్ధి కాక.

అదే రోజు మధ్యాహ్నం గోడలో చప్పుడు మొదలైంది. అలమార వెనక, నీళ్ల గొట్టం లోపలికొచ్చే చోట, ఎవరో కాగితం మెల్లగా నలుపుతున్నట్టు. చెవి ఆనించి విన్నాను. గొట్టంలో నీళ్లు అనుకున్నాను. పన్నెండేళ్లు మీటర్లు చదివినదాన్ని, గొట్టంలో నీళ్ల చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదా? తెలుసు. అయినా నీళ్లే అనుకున్నాను. ఆ రాత్రి ఒంట్లో బాగాలేదని చెప్పి అత్తగారి పక్కన పడుకున్నాను, ఎందుకో మాత్రం చెప్పలేదు.

శనివారం పొద్దున ఆయన పచ్చికలో రెండో బకెట్టు కలుపుతున్నాడు. నేను చీర మార్చుకోవడానికి పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేశాను. కర్టెన్ మీద ఒకటి కూర్చుని ఉంది. కదలకుండా చూశాను. పసుపు చారలు. అలమార వెనకనుంచి ఇంకొకటి వచ్చింది, దాని వెనక రెండు. దారి చూసుకోవడానికి అన్నీ వెలుతురుకేసి పోయాయి. కిటికీ అద్దానికి కొట్టుకున్నాయి, కిందికి జారాయి, మళ్లీ కొట్టుకున్నాయి. అద్దం చుట్టూ ఆయన అంటించిన టేపు కాస్త కూడా సందు ఇవ్వలేదు. మేస్త్రీ పని మరి.

చెయ్యి ఊపకూడదు. అరవకూడదు. అవి కిటికీ దగ్గరుంటే నేను తలుపు దగ్గరున్నాను. వీపు తలుపుకి ఆనించి, చెయ్యి వెనక్కి పెట్టి గడియ వెతికాను. గడియ తీసి వీపుతో బయటికి తోశాను. తలుపు కింద తడిగుడ్డ చుట్టుకుని, తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. గది నిండా మోత. పదా, ఇరవయ్యా, లెక్కపెట్టలేదు.

"ఏమండీ" అన్నాను మెల్లగా. ఆ గొంతు ఆయనకి వినపడదు. అత్తగారికి వినపడింది. ఆవిడ "ఒరేయ్, రారా" అని వీధి మొత్తానికి వినపడేలా పిలిచింది.

ఆయన తాపీ పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. తలుపు ఒక్క గుంజు గుంజి, గుడ్డతో సహా తెరిచి, నా మణికట్టు పట్టి బయటికి లాగాడు.

"గొట్టం పక్కనుంచి" అన్నాను.

ఆయన జేబులోంచి ఇంజక్షన్ తీసి నా చేతిలో కుక్కాడు. లోపలికెళ్లి తలుపు వేసేసుకున్నాడు.

నేను ఎక్కడికి వెళ్లాలి? ఇంట్లో ఏ గదిలో నిలబడ్డా గోడలు వింటున్నట్టే ఉంది. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం వరండా మెట్లు దిగి పచ్చికలోకి వచ్చాం. నాకు బూట్లు లేవు. కుప్పకీ కుప్పకీ మధ్య గడ్డి చూసుకుని ఒక పాదం పెట్టాను, దాని పక్కన రెండోది పెట్టాను, అక్కడే నిలబడిపోయాను. మగవి వచ్చి నా చీలమండల చుట్టూ తిరిగాయి. ఒకటి నా బొటనవేలి మీద వాలి, కాసేపు ఎండ కాచుకుని, లేచిపోయింది. నాకు భద్రమని చెప్పిన గదిలో మా ఆయన కందిరీగలతో పెనుగులాడుతున్నాడు. వద్దన్న చోట నేను ఊపిరి పీలుస్తున్నాను. లోపల ఏదో పడిన చప్పుడు, ఆయన మూలుగు, అలమార ఈడ్చిన చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి ఏమైనా అయితే దానికి కారణం కందిరీగలు కావు, నేను.

పది నిమిషాలకి బయటికొచ్చాడు. గొట్టం చుట్టూ తడిగుడ్డ కూరి, దాని మీద తాపీకున్న సిమెంటంతా కొట్టాడట. ఎడమ కన్ను అప్పుడే మూసుకుపోతోంది, కింది పెదవి వేలాడుతోంది. తొమ్మిది చోట్ల కుట్టాయి. ఆయన ఒంటికి వాపు తప్ప ఇంకేమీ కాదని తెలిసినా, నేను ఆయన గొంతు కేసే చూస్తూ, ఊపిరి ఆడుతోందా అని పదిసార్లు అడిగాను. వరండాలో కూర్చోబెట్టి తడిగుడ్డలు వేశాను.

"ఎక్కడినుంచి వచ్చాయో అర్థం కావట్లేదు" అన్నాడు.

"కిటికీ కింద కన్నం. మీరు ఇది పెద్దదే అన్నారు చూడండి, అది."

ఉన్న ఒక్క కంటితో నా వైపు చూశాడు.

"అవి కందిరీగలని నాకు గురువారమే తెలుసు. మధ్యాహ్నం చూశాను. మీరు పూడుస్తుంటే పక్కనే నిలబడ్డాను."

"చూసి కూడా చెప్పలేదా?"

"చెబితే మీరు నన్ను పంపరు."

ఆయన కంటి మీది తడిగుడ్డ తిప్పి వేసుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికి ఇంతకంటే మంచి కారణం ఆయనకి పెళ్లయిన ఈ పద్దెనిమిదేళ్లలో దొరకలేదు.

"నీళ్లు బయటికొచ్చే చోట పూత వెయ్యకండి, గోడ లోపల ఇంకో దారి చూసుకుంటాయి" అన్నాడు చివరికి, వాచిన పెదవితో మాటలు నములుతూ. "రోజుకి నలుగురికి చెప్తాను ఈ ముక్క. మొదట ఎక్కడినుంచి వస్తున్నాయో చూసుకోండి, తర్వాత తాపీ ఎత్తండి అంటాను. అక్కడ నిలబడి నేను అదే చెయ్యలేదు. నీ గదిలోకే తోలాను వాటిని."

"నేను తోలనిచ్చాను."

మా అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "బాగానే ఉంది, ఇద్దరూ కలిసి ఇల్లు కందిరీగలకి రాసిచ్చేద్దురు గానీ" అని కుర్చీ పచ్చిక అంచుకి లాక్కుని కూర్చుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంజక్షన్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన చెయ్యి చాపలేదు, నేను ఇవ్వలేదు. బొడ్లో దోపుకున్నాను.

ఆదివారం చీకటి పడే వేళకి గడ్డి బాబాయ్ వచ్చాడు. మమ్మల్నందరినీ పక్కింట్లో కూర్చోబెట్టి, మొహానికి వల కట్టుకుని, సిమెంటు పగలగొట్టి గూడు తీసేశాడు. తీసేశాక ఇద్దరికీ చెరో పది నిమిషాలు చీవాట్లు పెట్టాడు. పచ్చికలో సిమెంటు బిళ్లలు చూసి మాత్రం ఏమీ అనలేక తల పట్టుకున్నాడు. సోమవారం సంగతి ఆ రెండు రోజుల్లో మా ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొద్దున లేచి ఒక మాట అంటాడని, అన్నాక నేను ఒక మాట అనాలని, ఆ మాట మంచం మీద దొర్లుతూ వందసార్లు సిద్ధం చేసుకున్నాను.

సోమవారం ఆరున్నరకల్లా ముతక చొక్కా, పొడుగు బూట్లు వేసుకుని, సంచి భుజాన తగిలించుకున్నాను. సంచి పై అరలో ఇంజక్షన్ పెట్టాను. ఆయన అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కన్ను సగం తెరుచుకుంది. ఏమీ అనలేదు. గేటు తీసి పట్టుకున్నాడు.

నేను గేటు దాకా వచ్చి ఆగిపోయాను.

కాళ్లు కదల్లేదు. మొదట అర్థం కాలేదు. బూట్ల లోపల వేళ్లు ముడుచుకుపోయాయి. ఎదురింటి ముందు నేలలో ఇనుప మూత ఒకటి కనిపిస్తోంది. దాని కింద ఏముందో నాకు తెలియదు. ఈ వీధిలో అలాంటివి నూట ఆరు ఉన్నాయి. ఏడాది పాటు ఈ ఇంట్లో భయం ఒక్క మనిషిదేనని, నేను పాపం బందీనని అనుకున్నాను. ఆయన భయపడుతుంటే నాకు భయపడే అవసరం రాలేదు, అంతే. తలుపు వేసి ఉన్నంతకాలం దాన్ని తన్నుతూ కూర్చోవడం తేలిక. తిట్టడానికి ఆయన ఉన్నాడు.

"ఏమంటారు?" అన్నాను.

"నేనేమంటాను?"

"ఏదో ఒకటి అనండి. వద్దనండి."

నా గొంతు విని నాకే సిగ్గేసింది. ఆయన నా మొహం చూశాడు. ఏడాదిగా చూడనిదేదో చూసినట్టు చూశాడు. ఒక్క మాట చాలు. రోజుకి పదిసార్లు అలవాటుగా అన్న మాటే. అంటే నేను రెండు తిట్లు తిట్టి, ఏడ్చి, లోపలికి వెళ్లిపోయి, జన్మంతా ఆయన్ని దెప్పుతూ హాయిగా బతికేదాన్ని. అది ఆయనకీ తెలిసింది. ఆయన పెదవి కదిలింది.

"అనను" అన్నాడు.

అంత కోపం ఆయన మీద నాకెప్పుడూ రాలేదు. ఆ కోపంలోనే గేటు దాటాను. ఎదురింటి ముందు వంగి, కొక్కెంతో మూత మీద మూడుసార్లు కొట్టాను. చెవి ఒగ్గి విన్నాను. ఏమీ లేదు. ఒక పక్క నుంచి కొంచెం లేపి ఆగాను. మిగతాది లేపాను. బురద, ఒక వానపాము, మీటరు. అద్దం తుడిచి అంకెలు రాసుకున్నాను. వంకరటింకరగా వచ్చాయి. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆయన రమ్మంటాడేమోనని. నిజం చెప్పాలంటే, రమ్మనడేమోనని.

పక్కింటి మూత దగ్గరికి నడిచాను.